ఫోర్క్ చేసిన అప్లికేషన్‌కు పేరు మార్చడం ఎలా: పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటర్‌లో ఘర్షణ పడకుండా

"పేరు మార్చాను, ఐకాన్ మార్చాను. అయినా నాది ఇన్‌స్టాల్ చేయగానే పాత అప్లికేషన్ మాయమవుతోంది." ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంది. అడిగినవారు దాదాపు అందరూ చేసింది ఒకటే. మనిషి కంటికి కనిపించే పేరు మార్చారు, యంత్రం గుర్తుపట్టే పేర్లు వదిలేశారు.

ఒక మోస్తరు అప్లికేషన్‌కు యంత్రం గుర్తుపట్టే పేర్లు పదిహేను చోట్ల దాకా ఉంటాయి. వాటిలో ఒక్కటి మిగిలినా రెండు ప్రోగ్రాములు ఒకే వస్తువు కోసం పోటీ పడతాయి. వాటిని ఎలా వెతకాలో, ఏ వరుసలో మార్చాలో, వేటి జోలికి పోకూడదో ఇక్కడ చెబుతాను. ఒక ప్రాజెక్టు కోడ్ తీసుకుని దాని నుంచి విడిగా నడిపే ప్రాజెక్టును ఫోర్క్ అంటారు, మూలమైనదాన్ని ఇక్కడ మాతృక అంటున్నాను. వీలుగా ఉండడానికి మాతృక పేరు "పలక" అనీ, అది నోట్సు రాసుకునే అప్లికేషన్ అనీ, మీ ఫోర్క్ పేరు "బలపం" అనీ అనుకుందాం.

## 1. ముందుగా తేల్చుకోవలసింది: పక్కన ఉంటుందా, బదులుగా వస్తుందా

కోడ్ తెరవకముందే దీనికి జవాబు కావాలి. బలపం పలకతో పాటు అదే కంప్యూటర్‌లో ఉండాలా? లేక పలకను తీసేసి దాని స్థానంలో కూర్చోవాలా?

పక్కన ఉండాలంటే బయటికి కనిపించే ప్రతి పేరూ మారాలి. లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ 2 నుంచి 2011లో విడిపోయిన మాతే డెస్క్‌టాప్ ఇదే దారి పట్టింది. దానిలోని అప్లికేషన్లలో నాటిలస్‌ను కాజా అని, జీఎడిట్‌ను ప్లూమా అని, ఎవిన్స్‌ను అట్రిల్ అని మార్చింది. శ్రమ ఎక్కువే, కానీ గ్నోమ్ కొత్త వెర్షన్ ఉన్న కంప్యూటర్‌లోనే మాతే కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

బదులుగా రావాలంటే కొన్ని పేర్లు కావాలనే ఉంచాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి విడిపోయిన మరియాడీబీ చాలాకాలం మైఎస్‌క్యూఎల్ కమాండ్ల పేర్లతోనే నడిచింది. 10.5 వెర్షన్ల కాలానికి కమాండ్ల అసలు పేర్లు మరియాడీబీవి అయ్యాయి, పాత పేర్లు వాటికి లింకులుగా మిగిలాయి. పైథాన్‌లో పిల్లో కూడా ఇలాంటిదే. అది పీఐఎల్ అనే బొమ్మల లైబ్రరీకి ఫోర్క్. ఇన్‌స్టాల్ చేసే పేరు వేరు, ఇంపోర్ట్ చేసే పేరు మాత్రం పాతదే. అందుకే ఆ రెండూ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో కలిసి ఉండలేవని పిల్లో డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది.

రెండు దారులూ మంచివే. సగం ఇటు, సగం అటు ఉంటేనే ప్రమాదం. తేల్చుకోలేకపోతే పక్కన ఉండే దారినే ఎంచుకోండి. పొరపాటు జరిగినా అందులో వాడుకరి డేటాకు ముప్పు తక్కువ.

## 2. పేరు ఖరారు చేయడం

పేరు నచ్చితే చాలదు, ఖాళీగా కూడా ఉండాలి. ఇవి చూసుకోండి:

- ప్రధాన లినక్స్ పంపిణీల ప్యాకేజీ జాబితాల్లో ఆ పేరు లేదు.
- ఎన్‌పీఎం, పైపీఐ వంటి ప్రోగ్రామింగ్ భాషల ప్యాకేజీ రిజిస్ట్రీల్లో మీకు అవసరమైన చోట ఆ పేరు దొరుకుతుంది.
- అదే పేరుతో ఇప్పటికే ఏ కమాండూ లేదు.
- యాప్ స్టోర్లలో అదే రకం పని చేసే అప్లికేషన్‌కు ఆ పేరు లేదు.
- అది ఎవరి ట్రేడ్‌మార్కూ కాదు, ట్రేడ్‌మార్కును పోలినట్టూ లేదు.

మూడో అంశాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో నోడ్ జేఎస్‌కు (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాము) వచ్చిన చిక్కు దాని నుంచే. "నోడ్" అనే కమాండ్ అప్పటికే హామ్ రేడియోకు సంబంధించిన ప్రోగ్రాముకు ఉంది. దాంతో డెబియన్‌లో కొన్నేళ్లపాటు జావాస్క్రిప్ట్ నోడ్ "నోడ్‌జేఎస్" అనే కమాండ్‌తో నడిచింది. "నోడ్" అని పిలిచే స్క్రిప్టులన్నీ అక్కడ ఆగిపోయేవి. కమాండ్ పేరు ఎంత పొట్టిగా ఉంటే ఘర్షణకు అంత ఎక్కువ అవకాశం.

ట్రేడ్‌మార్కు విషయంలో ఒక అపోహ ఉంది: లైసెన్సు కోడ్ ఇచ్చింది కాబట్టి పేరు కూడా ఇచ్చినట్టే అని. కాదు. అపాచీ లైసెన్సు 2.0లోని ఆరో సెక్షన్ ట్రేడ్‌మార్కు హక్కులు ఇవ్వడం లేదని నేరుగా చెబుతుంది. డెబియన్ తాను మార్పులు చేసిన ఫైర్‌ఫాక్స్‌ను 2006 నుంచి 2016 దాకా ఐస్‌వీజిల్ పేరుతో పంచింది కూడా మొజిల్లా ట్రేడ్‌మార్కు నియమాల వల్లనే.

"పలక ప్లస్", "కొత్త పలక" వంటి పేర్లు పెట్టకండి. ట్రేడ్‌మార్కు గొడవ లేకపోయినా, మీ లోపాల ఫిర్యాదులు పలక బృందానికి వెళ్లి వారి సమయం తింటాయి. అది వారికి అన్యాయం. "పలక నుంచి విడిపోయిన ప్రాజెక్టు" అని వివరణలో రాయండి, పేరులో కాదు.

## 3. పేరు ఉన్న చోట్లన్నీ జాబితా రాయడం

మార్చడానికి తొందరపడకండి. ఈ జాబితా ఎంత పూర్తిగా ఉంటే మిగతా పని అంత సాఫీగా సాగుతుంది. రెండు రకాలుగా వెతకాలి.

కోడ్‌లో వెతకడం. పాత పేరును అన్ని రూపాల్లో వెతకండి: అన్నీ చిన్న అక్షరాలతో, అన్నీ పెద్ద అక్షరాలతో, మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా, మధ్యలో హైఫన్‌తో, అండర్‌స్కోర్‌తో, రెండు మాటలు కలిపి, విడదీసి. పాత పేరుకు పొడి అక్షరాల రూపం ఉంటే దాన్నీ వెతకండి. ఫైళ్ల లోపలే కాదు, ఫైళ్ల పేర్లలో, ఫోల్డర్ల పేర్లలో కూడా.

ఇన్‌స్టాల్ చేసి చూడడం. దీన్ని దాదాపు ఎవరూ చేయరు, కానీ ఎక్కువ బయటపడేది ఇక్కడే. మాతృకను బిల్డ్ చేసి ఒక ఖాళీ ఫోల్డరులోకి ఇన్‌స్టాల్ చేయండి. అక్కడ పడిన ప్రతి ఫైలు పేరూ రాసుకోండి. తరువాత ఒక కొత్త యూజర్ ఖాతాలో దాన్ని తెరిచి, ఒక నోటు రాసి, సెట్టింగు ఒకటి మార్చి, మూసేయండి. ఆ ఖాతా హోమ్ ఫోల్డరులో కొత్తగా పుట్టిన ఫైళ్లన్నీ రాసుకోండి. కోడ్‌లో ముక్కలుగా ఉండి, నడిచేటప్పుడు అతుక్కుని తయారయ్యే పేర్లు ఇలా తప్ప దొరకవు.

ఈ కింది వాటిలో మీ అప్లికేషన్‌కు వర్తించేవి జాబితాలోకి రావాలి:

- కమాండ్లు, మాన్యువల్ పేజీలు
- సెట్టింగుల, డేటా, క్యాషె ఫోల్డర్లు
- లాక్ ఫైలు, సాకెట్, వాడే పోర్టు నంబరు
- డెస్క్‌టాప్ ఫైలు, ఐకాన్ ఫైళ్ల పేర్లు
- డీ-బస్ (లినక్స్‌లో ప్రోగ్రాములు పరస్పరం మాట్లాడుకునే మార్గం) పేరు, నేపథ్య సర్వీసు పేరు
- అనువాద ఫైళ్ల పేరు
- షేర్డ్ లైబ్రరీలు, హెడర్ ఫోల్డర్లు
- ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు
- ఫైలు రకాల నమోదు, లింకులు తెరిచే స్కీమ్
- పాస్‌వర్డ్ భద్రపరిచే చోట వాడే సర్వీసు పేరు
- అప్‌డేట్లు, క్రాష్ నివేదికలు, సహాయం కోసం వెళ్లే వెబ్ చిరునామాలు
- సర్వర్‌కు పంపే యూజర్ ఏజెంట్ (ప్రోగ్రాము తనను పరిచయం చేసుకునే పేరు)

## 4. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

నేను పాటించే కొలత ఇది. ఆ పేరును మీ ప్రోగ్రాము కాక ఇంకొకరు చూస్తారా? ఆపరేటింగ్ సిస్టమ్, ఫైల్ సిస్టమ్, ఇంకో ప్రోగ్రాము, సర్వర్, మనిషి: వీరిలో ఎవరు చూసినా మార్చాలి. మీ కోడ్ మాత్రమే చూసుకునే పేరైతే అలాగే ఉంచండి.

లోపలి క్లాసులు, ఫంక్షన్లు, వేరియబుళ్ల పేర్లు మార్చడం వల్ల వాడుకరికి ఒరిగేదేమీ లేదు. మాతృకలో వచ్చే భద్రతా సవరణలను తెచ్చుకునే ప్రతిసారీ మీరు మాత్రం వందల చోట్ల విలీన ఘర్షణలు (రెండు కోడ్‌లు కలవని చోట్లు) పరిష్కరించుకోవాలి. సాఫ్ట్‌వేర్ బిల్డులను ఆటోమేటిక్‌గా నడిపే హడ్సన్ నుంచి 2011లో వేరైన జెంకిన్స్ కోడ్‌లో ఇప్పటికీ హడ్సన్ పేరుతో జావా ప్యాకేజీలు ఉన్నాయి. ప్లగిన్లన్నీ ఆ పేర్లనే పిలుస్తాయి. మార్చి ఉంటే అవన్నీ విరిగిపోయేవి.

అస్సలు ముట్టుకోకూడనివి రెండు. మొదటిది కాపీరైట్ వాక్యాలు, లైసెన్సు ఫైలు. గుడ్డిగా పేరు మార్చే స్క్రిప్టు "పలక రచయితలు" అన్నచోట "బలపం రచయితలు" అని పెట్టేస్తుంది. వేరేవారి శ్రమకు మీ పేరు వేసుకున్నట్టు అవుతుంది, లైసెన్సు ఉల్లంఘన కూడా. రెండోది ఫైల్ ఫార్మాట్ లోపల ఉండే గుర్తులు. పలక ఫైళ్లను బలపం కూడా తెరవాలంటే ఫైలు మొదట్లో ఉండే ఆ సంతకం బైట్లు అలాగే ఉండాలి.

## 5. మార్చే వరుస

కనిపించే పేరును చివరికి ఉంచండి. ముందే మార్చేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, మిగతావి మరుగున పడతాయి. ఒక్కో మెట్టును ఒక్కో కమిట్‌గా చేయండి. ఏదైనా విరిగితే ఎక్కడ విరిగిందో వెంటనే తెలుస్తుంది.

5.1 డేటా, సెట్టింగుల ఫోల్డర్లు. అన్నింటికంటే ముందు ఇవే. కారణం నా అనుభవమే. నేను మొదట చేసిన ఫోర్క్‌లో ఫోల్డరు పేరు మార్చలేదు. నా వెర్షన్ డేటాబేస్‌లో ఒక కొత్త నిలువు వరుస చేర్చి, డేటాబేస్ నిర్మాణం ఎన్నో వెర్షనో తెలిపే నిర్మాణ సంఖ్యను 7 నుంచి 8కి పెంచింది. మర్నాడు ఒకరు పాత అప్లికేషన్ తెరిస్తే, "ఈ ఫైలు ఇంతకన్నా కొత్త వెర్షన్‌తో తయారైంది" అని చెప్పి అది మూసుకుపోయింది. వారి నోట్సు పోలేదు కానీ, తిరిగి తెరిపించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆ మనిషి తన రాతలు పోయాయనే అనుకున్నారు.

5.2 సిస్టమ్ గుర్తింపు. ప్యాకేజీ ఐడీ, బండిల్ ఐడీ (మ్యాక్‌లో అప్లికేషన్ గుర్తింపు), డీ-బస్ పేరు వంటివి. మీ చేతిలో ఉన్న డొమైన్ పేరును తిరగేసి మొదట పెట్టండి. మాతృక డొమైన్‌ను వాడకండి, అది మీది కాదు.

జీటీకే (లినక్స్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) వాడే అప్లికేషన్లలో ఈ గుర్తింపు మారకపోతే ఏమవుతుందో చూడండి. పలక తెరిచి ఉంది. మీరు బలపం ఐకాన్ నొక్కారు. బలపం మొదలై, తన పేరుతో ఎవరైనా నడుస్తున్నారా అని డీ-బస్‌ను అడుగుతుంది. ఉన్నారని జవాబు వస్తుంది. వెంటనే ఆ పని పలకకు అప్పగించి తాను ముగిసిపోతుంది. తెరపై పలక కిటికీ ముందుకు వస్తుంది. లోపం సందేశం ఏదీ ఉండదు.

జీసెట్టింగ్స్ (గ్నోమ్‌లో సెట్టింగులు దాచే పద్ధతి) వాడుతుంటే స్కీమా ఐడీ (సెట్టింగుల గుంపు పేరు)తో పాటు దాని పాత్ (అవి ఉండే దారి) కూడా మార్చాలి. ఐడీ మారి పాత్ మారకపోతే రెండు అప్లికేషన్లూ ఒకే సెట్టింగులను ఒకరివి ఒకరు చెరిపి రాసుకుంటాయి.

5.3 కమాండ్లు, ఇన్‌స్టాల్ అయ్యే ఫైళ్లు. మూడో విభాగంలో రాసుకున్న జాబితాను ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోండి. అనువాద ఫైళ్లు, ఐకాన్లు మరిచిపోవడం మామూలు.

5.4 లైబ్రరీలు. వీటిని మీ అప్లికేషన్ ఒక్కటే వాడుతుంటే సొంత ఫోల్డరులో దాచేయండి. బయటివారూ వాడేవైతే లైబ్రరీ పేరు, ఎస్ఓ నేమ్ (లైబ్రరీ లోపల రాసి ఉండే పేరు) రెండూ మారాలి. 2011లో వీడియో, ఆడియో సాధనాలైన ఎఫ్ఎఫ్ఎంపెగ్, లిబావ్ విడిపోయినప్పుడు కమాండ్ పేరు మారింది కానీ లైబ్రరీల పేర్లు ఒకటిగానే ఉన్నాయి. అలా ఒకే పేరుతో, కొద్దిగా తేడా ఉన్న రెండు లైబ్రరీలు ఒకే ప్రాసెస్‌లోకి లోడ్ అయితే ఒకదాని ఫంక్షన్ పిలవబోయి ఇంకోదాని ఫంక్షన్ పిలవడం జరుగుతుంది. ఆ క్రాష్ మూలం పట్టుకోవడం చాలా కష్టం.

5.5 వెబ్ చిరునామాలు. అప్‌డేట్ చిరునామా పాతదే ఉంటే మీ బలపం ఒకరోజు తనంతట తానే పలకను దింపుకుని దానిగా మారిపోవచ్చు. క్రాష్ నివేదికలు, లోపాల ఫిర్యాదుల చిరునామాలూ మార్చండి. మాతృకవారి ఏపీఐ కీలను (ఇతర సర్వీసులను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) తీసేసి మీవి తెచ్చుకోండి.

5.6 కనిపించే పేరు, ఐకాన్, "గురించి" (అబౌట్) పేజీ. ఇప్పుడు మార్చండి. "గురించి" పేజీలో మాతృక పేరు, దాని రచయితల ప్రస్తావన తప్పక ఉండాలి.

స్క్రిప్టుతో మార్చేటప్పుడు పూర్తి పదాన్నే పట్టుకునేలా రాయండి. మాతృక పేరు "ప్లే" అయితే గుడ్డి మార్పిడి "డిస్‌ప్లే"ని కూడా పాడు చేస్తుంది.

## 6. పాత డేటాను తెచ్చుకోవడం

ఫోల్డరు మార్చాక, పలక నుంచి వచ్చినవారికి బలపం ఖాళీగా కనిపిస్తుంది. వారి నోట్సు తెచ్చి ఇవ్వడం మీ బాధ్యత.

1. మొదటిసారి తెరిచినప్పుడు బలపం ఫోల్డరు లేకుండా, పలక ఫోల్డరు ఉంటే మాత్రమే అడగండి: "పలకలోని నోట్సును ఇక్కడికి కాపీ చేయమంటారా?"
2. పలక నడుస్తుంటే ముందు దాన్ని మూయమని చెప్పండి.
3. కాపీ చేయండి. తరలించవద్దు, లింకు పెట్టవద్దు.
4. కాపీ పూర్తయ్యాక బలపం ఫోల్డరులో ఒక గుర్తు ఫైలు పెట్టండి. మళ్లీ అడగకూడదు.
5. నిర్మాణం మార్చే పని ఏదైనా కాపీ మీదే జరగాలి.

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడేవారికి ఒక జాగ్రత్త. వాల్ పద్ధతిలో తాజా మార్పులు ప్రధాన ఫైలులో కాక పక్కనున్న వాల్ ఫైలులో ఉండవచ్చు. ప్రధాన ఫైలు ఒక్కటే కాపీ చేస్తే చివర రాసిన నోట్లు రాకపోవచ్చు. ఫైలు కాపీకి బదులు ఎస్‌క్యూలైట్ బ్యాకప్ ఏపీఐ వాడండి. నిర్మాణ సంఖ్యను యూజర్ వెర్షన్ అనే విలువలో ఉంచితే, మీరు అర్థం చేసుకోలేని కొత్త పలక డేటాను ముందే గుర్తించి మర్యాదగా నిరాకరించవచ్చు.

## 7. ఒక్కో వేదికలో ప్రత్యేకంగా చూడవలసినవి

ఆండ్రాయిడ్. అప్లికేషన్ ఐడీ మారాలి. కోడ్‌లోని నేమ్‌స్పేస్ మార్చనవసరం లేదు, ఉంచితే విలీనాలు సులువు. కంటెంట్ ప్రొవైడర్ అథారిటీలు (ఇతర అప్లికేషన్లకు డేటా ఇచ్చే భాగాల పేర్లు), మీరు ప్రకటించే సొంత అనుమతుల పేర్లు ఫోన్ మొత్తంలో మరొకరికి ఉండకూడదు. వాటిని చేతితో రాయకుండా అప్లికేషన్ ఐడీ నుంచి తయారయ్యేలా పెట్టండి.

విండోస్. ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్‌లోని అప్‌గ్రేడ్ కోడ్‌ను కొత్తగా సృష్టించండి. అది పాతదే ఉంటే విండోస్ మీ బలపాన్ని పలకకు కొత్త వెర్షన్ అనుకుని పలకను తీసేస్తుంది. నేను మొదట్లో చెప్పిన ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే. మరో ఇన్‌స్టాలర్ తయారీ సాధనం ఇన్నో సెటప్‌లో యాప్ ఐడీది ఇదే పాత్ర. రిజిస్ట్రీ కీలు, ఒక్కసారే తెరుచుకునేలా వాడే మ్యూటెక్స్ పేరు కూడా చూడండి.

మ్యాక్. బండిల్ ఐడెంటిఫయర్ మారితే ప్రాధాన్యతల ఫైలు దానంతట అదే వేరవుతుంది. అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డరు పేరు కోడ్‌లో నేరుగా రాసి ఉంటే మాత్రం విడిగా మార్చాలి.

డెబియన్ ప్యాకేజీలు. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరుతో ఉండకూడదని డెబియన్ విధానం. "కాన్‌ఫ్లిక్ట్స్" (దానితో కలిసి ఉండను) అని ప్యాకేజీ వివరాల్లో రాసేసి చేతులు దులుపుకోవడం ఆ పరిస్థితికి పరిష్కారం కాదు. నిజంగా బదులుగా వచ్చే ఫోర్క్ అయితేనే ప్రొవైడ్స్ (దాని పని నేను చేస్తాను), కాన్‌ఫ్లిక్ట్స్, రీప్లేసెస్ (దాని ఫైళ్ల స్థానంలో నావి పెడతాను) కలిపి వాడండి. ఒకే పనిని రెండూ ఒకే తీరుగా చేస్తే ఆల్టర్నేటివ్స్ పద్ధతి (ఒకే కమాండ్ పేరుతో ఏది నడవాలో ఎంచుకునే ఏర్పాటు) ఉంది.

## 8. పరీక్ష

ఒక శుభ్రమైన వర్చువల్ యంత్రంలో, వరుస తప్పకుండా:

1. పలక ఇన్‌స్టాల్ చేసి మూడు నోట్లు రాయండి.
2. బలపం ఇన్‌స్టాల్ చేయండి. పలక ఇంకా ఉందా?
3. రెండూ ఒకేసారి తెరవండి. రెండు వేర్వేరు కిటికీలు వచ్చాయా?
4. బలపంలో ఒక నోటు చెరిపేయండి. పలకలో అది ఉందా?
5. బలపంలో భాష లేదా రంగు మార్చండి. పలక మారలేదు కదా?
6. రెండింటిలోనూ వేర్వేరు పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయి, మూసి, మళ్లీ తెరవండి.
7. బలపం తీసేయండి. పలక, దాని ఐకాన్, దాని ఫైలు రకాలు సరిగా ఉన్నాయా?
8. మొత్తాన్నీ తిరగేసి చేయండి: ముందు బలపం, తరువాత పలక.

ఏడో అంశాన్ని వదలకండి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు బుద్ధిగా ఉన్న ఫోర్క్, వెళ్లిపోయేటప్పుడు మాతృక ఫైలు రకాల నమోదును వెంట తీసుకుపోవడం నేను చూశాను.

## 9. తరచూ ఎదురయ్యే లక్షణాలు, వాటి మందు

ఇన్‌స్టాలర్ "వేరే ప్యాకేజీకి చెందిన ఫైలును చెరిపి రాయబోతున్నాను" అని ఆగింది. సందేశంలోనే ఫైలు పేరు ఉంటుంది. దాన్ని మార్చండి. బలవంతంగా రాయించే ఐచ్ఛికాన్ని వాడుకరులకు సూచించకండి.

ఆండ్రాయిడ్‌లో సంతకాలు కలవడం లేదని వస్తోంది. అప్లికేషన్ ఐడీ ఇంకా పాతదే. బిల్డ్ రకాలన్నింటిలో చూడండి, ఒక్క రిలీజ్ బిల్డ్‌లోనే మిగిలిపోయి ఉండవచ్చు.

టాస్క్‌బార్‌లో రెండింటి కిటికీలూ ఒకే గుంపులో చేరుతున్నాయి. విండోస్‌లో యాప్ యూజర్ మోడల్ ఐడీ, లినక్స్‌లో విండో క్లాస్ మారలేదు.

అనువాదాలు మాయమై అంతా ఆంగ్లంలో కనిపిస్తోంది. అనువాద ఫైళ్ల పేరు మార్చి, కోడ్ వాటిని పిలిచే చోట మార్చలేదు. రెండూ ఒకటిగా ఉండాలి.

వాడుకరుల పాత స్క్రిప్టులు ఆగిపోయాయి. పాత కమాండ్ పేరుతో లింకు కావాలంటే దాన్ని విడి ప్యాకేజీగా ఇవ్వండి. పలక లేనివారు, కోరుకున్నవారు మాత్రమే వేసుకుంటారు.

విడుదల చేశాక ఘర్షణ బయటపడింది. కమాండ్, ఫోల్డరు, లైబ్రరీ పేర్లయితే తరువాతి వెర్షన్‌లో మార్చి, ఆరో విభాగంలోని కాపీ పద్ధతిని మీ సొంత పాత ఫోల్డరుకే వర్తింపజేయండి. అప్లికేషన్ ఐడీ సంగతి వేరు. దాన్ని మారిస్తే స్టోర్ దృష్టిలో అది కొత్త అప్లికేషన్, పాతవారికి అప్‌డేట్ రాదు. అలాంటప్పుడు పాత ఐడీతో చివరిగా ఒక వెర్షన్ విడుదల చేయండి. అందులో నోట్సును ఫైలుగా బయటికి తీసే మీట, కొత్త అప్లికేషన్ లింకు, ఎందుకు మారుతున్నారో రెండు వాక్యాలు ఉంటే చాలు. కొత్తది ఆ ఫైలును చదవగలదని నిర్ధారించుకున్నాకే ఆ చివరి వెర్షన్‌ను విడుదల చేయండి.